చలి ప్రాంతపు పెరటి తోట: ఏ కాలంలో ఏది వేయాలి?

ప్రశ్న: మా ప్రాంతంలో చలికాలమంతా నేల గడ్డకట్టి ఉంటుంది. మంచు కరగగానే టమాటా, మిరప విత్తనాలను నేరుగా మడిలో వేయవచ్చా? పంటలు అయిపోయాక మడిని వసంతం వరకు ఖాళీగా వదిలేయవచ్చా?

మొదటి జవాబు: నేరుగా వేయకండి. మంచు కరిగినంత మాత్రాన నేల వేడెక్కినట్లు కాదు. ఈ రెండు పంటలకూ నేల ఉష్ణోగ్రత కనీసం 15 డిగ్రీల సెల్సియస్ దాటాలి. చివరి మంచు పడే రోజుకు 6 నుంచి 8 వారాల ముందు టమాటా నారును, మరికొంత ముందుగా మిరప నారును ఇంట్లోనే పోసుకొని, ఆ తర్వాత వారం పది రోజుల పాటు మొక్కలను రోజూ కాసేపు బయట ఉంచుతూ, ఆ సమయాన్ని క్రమంగా పెంచుతూ గాలికీ ఎండకూ అలవాటు చేశాకే నాటాలి. చాలామంది తొందరలో వదిలేసేది ఈ అలవాటు చేసే పనినే.

రెండవ జవాబు: అంతవరకు మడి ఎందుకు ఖాళీగా ఉండాలి? పాలకూర, బఠానీ విత్తనాలు 5 డిగ్రీల దగ్గరే, నెమ్మదిగానైనా, మొలకెత్తుతాయి. నిజానికి ఎండలు ముదిరితేనే పాలకూర త్వరగా పూతకు వచ్చి పాడవుతుంది.

మూడవ జవాబు: శరదృతువులో వెల్లుల్లి వేయండి. గడ్డలో రెబ్బలు విడివడి ఊరడానికి దానికి చలి అవసరం. నేల గడ్డకట్టే ముందు రెబ్బలు నాటి, పైన ఎండుటాకులు మందంగా పరవండి. లేకపోతే నేల పదేపదే గడ్డకట్టి కరగడం వల్ల రెబ్బలు పైకి తేలతాయి. క్యారెట్లను మాత్రం తొలి మంచుకే పీకేయకండి, చలికి వాటి తీపి పెరుగుతుంది.