చైనాలో అద్దె ఇల్లు: అసలు యజమాని దగ్గరే తీసుకోవాలా, మధ్యలో ఉన్న అద్దె కంపెనీ అయినా ఫరవాలేదా?

కొత్త చిరునామా:
షాంఘై, హాంగ్‌ఝౌ, గ్వాంగ్‌ఝౌ లాంటి ఊళ్లకు ఉద్యోగం మీద వెళ్లే మనవాళ్లకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఏజెంటు ద్వారా ఇంటి యజమానితో నేరుగా ఒప్పందం. రెండోది, యజమాని దగ్గర ఇల్లు తీసుకుని తిరిగి అద్దెకిచ్చేవాళ్లు. వీళ్లను అక్కడ 'అర్ ఫాంగ్‌డాంగ్' అంటారు. ఒక్క మనిషైనా కావచ్చు, వందల ఇళ్లు నడిపే కంపెనీ అయినా కావచ్చు. ఈ రెండో దారిలో చాలాసార్లు ఏజెంటు ఫీజు ఉండదు, ఫర్నిచర్ ఉంటుంది, ఏడాది అద్దె ఒకేసారి కడితే పది శాతం తగ్గిస్తామంటారు. భాష రానివాళ్లకు ఏది మేలు? రూల్సు, లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

కాగితం ముందు:
యజమానితో నేరుగా సంతకం జరగని ఇల్లు వద్దు. 2020 చివర్లో డాన్‌కె కంపెనీ చితికినప్పుడు ఏం జరిగిందో చూడండి. అది అదే ఏడాది జనవరిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కెక్కిన కంపెనీ, గల్లీ వ్యాపారం కాదు. అద్దెకున్నవాళ్ల పేరు మీద బ్యాంకు అప్పు ఇప్పించి ఏడాది అద్దె మొత్తం ముందే తీసుకుంది, యజమానులకు మాత్రం విడతలుగా కట్టింది. మధ్యలో చేతికొచ్చిన డబ్బును కొత్త ఇళ్లు తీసుకోవడానికి ఖర్చు పెట్టింది. డబ్బు ఆడినంతకాలం బాగానే ఉంది. ఆగేసరికి యజమానులు 'మాకు అద్దె రాలేదు, ఖాళీ చేయండి' అన్నారు. అద్దెకున్నవాళ్లు ఇల్లు వదిలినా బ్యాంకు కంతు కడుతూనే ఉండాల్సి వచ్చింది. డిసెంబరులో బ్యాంకు ఆ అప్పులు మాఫీ చేసే ఏర్పాటు చేసింది గానీ, రొక్కంగా ఏడాది అద్దె కట్టినవాళ్లకు ఆ దారి కూడా లేదు.

తాళంచెవి:
కాగితం ముందు గారూ, డాన్‌కె సంగతి కాదనను. కానీ ఆ ఒక్క ఉదాహరణతో మొత్తం దారినే మూసేయడం సరికాదు. తిరిగి అద్దెకివ్వడం చైనాలో నేరం కాదు. 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్‌లో 716వ అధికరణ ప్రకారం యజమాని ఒప్పుకుంటే అది చెల్లుతుంది. తెలిసి కూడా ఆరు నెలల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని 718 అంటుంది. మధ్యవాడు అద్దె ఎగ్గొడితే, ఇంట్లో ఉన్నవాళ్లు ఆ బాకీ తామే కట్టి ఇల్లు నిలబెట్టుకోవచ్చని 719లో ఉంది.

డాన్‌కె తర్వాత రూల్సు కూడా బిగిశాయి. 2021 ఏప్రిల్‌లో చైనా కేంద్ర ప్రభుత్వం అద్దె కంపెనీలకు ఇచ్చిన ఆదేశంలో, ఒకేసారి మూడు నెలలకు మించి అద్దె వసూలు చేయకూడదన్నది సూత్రం. బీజింగ్‌లో 2022 సెప్టెంబరు 1 నుంచి డిపాజిట్ మామూలుగా ఒక నెల అద్దె దాటకూడదు. 2025 సెప్టెంబరు 15 నుంచి దేశమంతటికీ వర్తించే అద్దె ఇళ్ల నిబంధనలు వచ్చాయి. డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగివ్వాలి, దేనికి కోయవచ్చు అన్నవి ఒప్పందంలో రాయాలి. బెదిరించో, ఇంకేదైనా చట్టవిరుద్ధ మార్గంలోనో ఖాళీ చేయించకూడదు. వంటిల్లు, బాల్కనీ, స్టోర్ రూమ్ విడిగా నివాసానికి ఇవ్వకూడదు.

కాగితం ముందు:
మీరు చెప్పిన 719లోనే ఒక మెలిక ఉంది. యజమాని ఒప్పుకోని ఒప్పందానికి ఆ రక్షణ లేదు. పైగా 717 ప్రకారం, మధ్యవాడికి యజమానితో ఇంకా ఎనిమిది నెలలే గడువుంటే, మీకు పన్నెండు నెలలకు రాసిచ్చినా చివరి నాలుగు నెలలు యజమానిని కట్టిపడేయవు. ఆ మొదటి ఒప్పందం చూపించమని అడిగేవాళ్లెంతమంది? కొత్త నిబంధనల్లో కంపెనీలకు పెట్టినవి ఒంటరి మనిషి తిరిగి అద్దెకిచ్చినా వర్తిస్తాయి, కానీ అతని వ్యాపారం నిర్ణయించిన పరిమాణం దాటితేనే. మూడు నాలుగు ఫ్లాట్లు పెట్టుకుని వీచాట్‌లో (అక్కడి మెసేజ్ యాప్) ఫొటోలు పంపే వాడే ఎక్కువ ప్రమాదం.

పోలీసు రసీదు:
విదేశీయులకు ఇంతకంటే ముందు ప్రశ్న ఒకటుంది. ఆ ఇంటి చిరునామాతో పోలీసు నమోదు అవుతుందా? ప్రవేశ, నిష్క్రమణ చట్టం 39వ అధికరణ ప్రకారం హోటల్లో కాక వేరే చోట ఉంటే, చేరిన 24 గంటల్లోపు ఆ ప్రాంతపు పోలీసు స్టేషన్‌లో నమోదు కావాలి. అద్దెకున్న మనిషైనా చేయించుకోవచ్చు, ఆశ్రయమిచ్చినవారైనా చేయించవచ్చు. తప్పితే హెచ్చరిక, 2,000 యువాన్ల దాకా జరిమానా. ఆ కాగితం లేకపోతే నివాస అనుమతికి దరఖాస్తే తీసుకోరు. ఉద్యోగ వీసా మీద, దీర్ఘకాల చదువు వీసా మీద వచ్చినవాళ్లకు ఆ దరఖాస్తుకు 30 రోజులే గడువు. మన జిల్లాల నుంచి ఎంబీబీఎస్‌కు వెళ్లేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: హాస్టల్ వదిలి బయట ఉండాలంటే విశ్వవిద్యాలయం అనుమతి ముందు, ఇల్లు తర్వాత.

మామూలుగా అడిగేవి: పాస్‌పోర్టు, వీసా, ప్రవేశ ముద్ర పేజీలు, అద్దె ఒప్పందం, ఇంటి యాజమాన్య పత్రం నకలు, యజమాని గుర్తింపు కార్డు నకలు. మధ్యవాడైతే వీటికి తోడు యజమాని అనుమతి పత్రం. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఊరినిబట్టి స్టేషన్ పద్ధతి మారుతుంది. షాంఘైలో ఆన్‌లైన్‌లోనే చేసుకునే వీలుంది. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే ఆ పేట స్టేషన్‌కు వెళ్లి, ఫలానా భవనం, ఫలానా ఫ్లాట్‌కు ఏ కాగితాలు కావాలో కనుక్కోండి. పాస్‌పోర్టు మారినా, ఇల్లు మారినా మళ్లీ నమోదు. విదేశం వెళ్లి తిరిగొచ్చినప్పుడు అవసరమా కాదా అన్నది కూడా అక్కడే అడగాలి.

తాళంచెవి:
సరిగ్గా ఈ విషయంలోనే కంపెనీలకు నేను ఓటేస్తాను. నేరుగా ఇచ్చే యజమానుల్లో కొందరు నమోదుకు కాగితాలివ్వరు. అద్దె ఆదాయం బయటపడితే పన్ను కట్టాల్సి వస్తుందని వాళ్ల భయం. విదేశీయులకు ఇచ్చే అలవాటున్న కంపెనీ దగ్గర ఆ ఫైలు సిద్ధంగా ఉంటుంది.

లెక్కల చిట్టా:
డబ్బు వైపు కూడా తూచండి. నెలకు 8,000 యువాన్ల ఇల్లు అనుకుందాం. 'యా యి ఫు సాన్' పద్ధతిలో ఒక నెల డిపాజిట్, మూడు నెలల అద్దె కలిపి మొదటి రోజే 32,000. షాంఘైలో ఏజెంటుకు అద్దెదారు వైపు నుంచి వాడుకగా నెల అద్దెలో 35 శాతం, అంటే 2,800. బీజింగ్‌లో అది ఒక నెల అద్దె దాకా వెళ్తుంది.

ఇప్పుడు ఆ పది శాతం తగ్గింపు. ఏడాదికి 96,000 బదులు 86,400 ముందే కడతారు, మిగిలేది 9,600. నాలుగు నెలలు గడిచాక మధ్యవాడు మాయమైతే, నెలకు 7,200 చొప్పున ఎనిమిది నెలలవి 57,600, పైన డిపాజిట్ 8,000 పోతాయి. ఈ బేరం ఎవరికీ సలహా ఇవ్వలేను. అద్దె ఎవరికి కట్టినా మూడు నెలలు దాటనివ్వకండి. మీ పేరు మీద అప్పు యాప్ తెరవమంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఇంకొకటి ఫాపియావ్, అంటే పన్ను రసీదు. విదేశీ ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే ఇంటి అద్దె భత్యంపై ఆదాయ పన్ను మినహాయింపు 2027 డిసెంబరు 31 దాకా ఉంది, కానీ రసీదు చూపాలి. యజమాని పన్ను కార్యాలయం నుంచి అది తీసివ్వగలడు, ఆ పన్ను మాత్రం మీ అద్దెలో కలుపుతానంటాడు. 'ఈ అద్దెలో ఫాపియావ్ ఉందా, లేదా' అన్నది బేరం మొదట్లోనే తేల్చి ఒప్పందంలో రాయించాలి.

వంటింటి పొగ:
కాగితాలు అందరూ చెప్పారు, ఇల్లు ఎవరూ చూడలేదు. మధ్యవాళ్లు ఎక్కువగా ఇచ్చేది 'అపార్ట్‌మెంట్' పేరుతో ఉండే వాణిజ్య భవనాలు, ఎత్తు గదిలో చెక్క మేడ కట్టినవి. యాజమాన్య పత్రంలో వినియోగం గడి చూడండి: నివాసమా, కార్యాలయమా, వాణిజ్యమా. వాణిజ్యమైతే సాధారణంగా గ్యాస్ లైను ఉండదు. రోజూ పోపు పెట్టే ఇంటికి ఇండక్షన్ పొయ్యే దిక్కు. కరెంటు, నీళ్లు కూడా వాణిజ్య ధరకు పడతాయి. బీజింగ్‌లో ఇళ్ల కరెంటు మొదటి శ్లాబు యూనిట్ 0.4883 యువాన్లు. వాణిజ్య మీటరుకు అంతకు రెట్టింపు, ఆపైన కూడా కట్టాల్సి రావచ్చు. కాబట్టి పాత బిల్లు ఫోన్లో చూపించమనండి, మాట నమ్మొద్దు.

గ్యాస్ గీజరు ఉంటే దాని మీది తయారీ తేదీ చూడండి. సహజవాయువుతో నడిచేదానికి ప్రమాణంలో పెట్టిన ఆయుష్షు ఎనిమిదేళ్లు. పొగ గొట్టం గోడ దాటి బయటకు వెళ్లాలి, బాత్రూమ్‌లోపలే ఆగిపోకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు కనుక చిన్న అలారం ఒకటి కొనుక్కోండి.

కొత్తగా పెయింటు, అల్మారాలు చేయించిన ఇంట్లో ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు పెద్ద సమస్య. ప్లైవుడ్ జిగురు నుంచి వస్తుంది, ఎండాకాలంలో వేడికి ఇంకా ఎక్కువగా విడుదలవుతుంది. 2022 ప్రమాణం ప్రకారం ఘనపు మీటరుకు 0.08 మిల్లీగ్రాములు దాటకూడదు. తలుపులు, కిటికీలు 12 గంటలు మూసి ఉంచి ఆ తర్వాత కొలవాలి. చవక చేతి మీటర్లు సెంటు, మద్యం ఆవిరికి కూడా కదులుతాయి. సీఎంఏ (చైనా ప్రభుత్వం ల్యాబ్‌లకిచ్చే అర్హత) గుర్తున్న ల్యాబ్ ఇచ్చిన నివేదికే గొడవలో పనికొస్తుంది. ఆరోగ్యానికి హాని చేసే ఇల్లయితే, తెలిసే తీసుకున్నా ఎప్పుడైనా ఒప్పందం రద్దు చేసుకోవచ్చని సివిల్ కోడ్ 731లో ఉంది.

బీజింగ్‌లో నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా ఇళ్లను వెచ్చగా ఉంచే ఊరుమ్మడి వేడి సరఫరా ఉంటుంది, దాని రుసుము ఎవరిదో రాయించండి. షాంఘైలో ఆ ఏర్పాటు లేదు, ప్రతి గదిలో ఏసీని వేడి గాలి మీద పెట్టి నడిపి చూడాలి.

కాగితం ముందు:
వంటింటి పొగ గారి మాటతో ఏకీభవిస్తాను. తాళంచెవి గారి వాదనలోనూ నమోదు సంగతి నిజమే. అయినా నా అభిప్రాయం మారదు, ఒక్క సడలింపు తప్ప: మధ్యవాడు యజమానితో చేసుకున్న ఒప్పందం, దాని ముగింపు తేదీ, తిరిగి అద్దెకివ్వడానికి రాతపూర్వక అనుమతి, యాజమాన్య పత్రం, ఈ నాలుగూ ఒకే బల్ల మీద కనిపిస్తేనే.

నేరుగా యజమాని అయినా గుడ్డిగా పోకూడదు. పత్రం మీది పేరు, గుర్తింపు కార్డు పేరు, అద్దె వెళ్లే బ్యాంకు ఖాతా పేరు ఒకటై ఉండాలి. ఉమ్మడి యజమాని ఉంటే ఇద్దరి సంతకం. ఇల్లు అమ్మినా అద్దె ఒప్పందం నిలుస్తుందని 725 చెప్తుంది గానీ, మీరు చేరకముందే బ్యాంకు తాకట్టులో ఉండి వేలానికొస్తే ఆ ధీమా లేదు. అందుకే రిజిస్ట్రేషన్ కేంద్రం నుంచి ఆ వారం తీసిన వివరాలు చూపించమని యజమానినే అడగండి.

కొత్త చిరునామా:
ఏడాది మధ్యలో ఉద్యోగం పోయినా, నివాస అనుమతి రాకపోయినా డిపాజిట్ సంగతి?

లెక్కల చిట్టా:
ఒప్పందంలో రాయకపోతే పోయినట్టే లెక్క. ఇలా రాయించండి: ఉద్యోగ ఒప్పందం ముగిసినా, నివాస అనుమతి నిరాకరించినా, 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పి ఖాళీ చేయవచ్చు, వాడని అద్దె, డిపాజిట్ తాళాలు అప్పగించిన ఏడు రోజుల్లో అదే ఖాతాకు తిరిగిరావాలి, పోలీసు నమోదుకు కాగితాలివ్వకపోతే అది యజమాని వైపు ఉల్లంఘన. ఇవన్నీ చైనీస్ ప్రతిలో ఉండాలి. కోర్టు పని జరిగేది చైనీస్‌లో, రెండు భాషల ఒప్పందాల్లో కూడా చాలావాటిలో 'తేడా వస్తే చైనీస్ ప్రతిదే చెల్లుబాటు' అన్న వాక్యం ఉంటుంది. కరెంటు, నీళ్లు, గ్యాస్ మీటర్ల రీడింగులు, ఫర్నిచర్ జాబితా, గోడల ఫొటోలు చేరిన రోజే యజమానికి వీచాట్‌లో పంపి 'సరే' అనిపించుకోండి.