ప్లేట్ లంచ్‌లో మాకరోనీ సలాడ్ వద్దంటే తప్పేంటి?

గట్టిపకోడీ

శాన్ హోసేలో మా ఆఫీసు దగ్గర ఒక హవాయి బార్బెక్యూ కొట్టు ఉంది. ఏది ఆర్డరిచ్చినా డబ్బాలో వరస ఒకటే, దాన్నే ప్లేట్ లంచ్ అంటారు. ఐస్‌క్రీమ్ స్కూపుతో తీసిన రెండు ముద్దల తెల్లన్నం, ఒక ముద్ద మాకరోనీ సలాడ్, మిగతా చోటంతా తరిగిన క్యాబేజీ మీద పరిచిన చికెన్. నేను ఎప్పుడూ "మాక్ సలాడ్ వద్దు, ఇంకో స్కూప్ అన్నం పెట్టండి" అంటాను. పెడతారు. మొన్న నాతో వచ్చిన కొలీగ్ హోనొలులులో పెరిగినవాడు. ఆ మాట విని మొహం అదోలా పెట్టాడు. మాక్ సలాడ్ తీసేస్తే అది ప్లేట్ లంచే కాదంట!

చల్లటి మయొనీజ్‌లో నానిన మాకరోనీకి వేడన్నం పక్కన ఏం పని? పైగా పిండిపదార్థం పక్కన పిండిపదార్థం. డబ్బులు నావి, పొట్ట నాది. ఇందులో తప్పేముందో ఎవరైనా చెప్పండి.

ఉలవచారు

ఏ తప్పూ లేదు బ్రో. నేనైతే అది మూతలోకి తోసేసి మిగతాది తింటా. నా కంప్లైంట్ అన్నం మీద. మెతుకు మెతుకు అంటుకుపోయి ఉంటుంది. సోనా మసూరి పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది?

నీలాటిరేవు

సోనా మసూరి స్కూపులో నిలబడదు ఉలవచారు గారూ, డబ్బాలో పడగానే చెదిరిపోతుంది. హవాయిలో మామూలుగా వండేది కాల్‌రోజ్. అది కాలిఫోర్నియాలో పండే రకమే. జిగురు ఉండాలి, లేకపోతే చాప్‌స్టిక్స్‌తో తినేవాళ్ళ గతేంటి?

పకోడీ గారూ, "పిండి పక్కన పిండి" అని మనవాళ్ళే అంటే నవ్వొస్తోంది. పెసరట్టులో ఉప్మా పెట్టుకుని, పైన అల్లం చట్నీ వేసుకుని లొట్టలేసుకుంటూ తినే జాతి మనది.

గట్టిపకోడీ

ఉప్మా వేడిగా ఉంటుందండీ. ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టరు.

తోటకూరకాడ

మేం హోనొలులు ఉన్న ఒవాహు దీవిలోనే ఉంటాం, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి.

ఈ ప్లేటు చెరుకు తోటల్లోంచి వచ్చింది. 1852 నుంచి చైనావాళ్ళు, 1868లో మొదటి జపాన్ కూలీలు, 1878లో పోర్చుగీసువాళ్ళు, 1903లో కొరియన్లు, 1906 నుంచి ఫిలిప్పీన్స్‌వాళ్ళు, అందరూ తోటల పని కోసం ఓడల్లో దిగినవాళ్ళే. పొలానికి రెండంతస్తుల రేకు క్యారేజీ పట్టుకెళ్ళేవారు. దాన్ని ఇక్కడ కౌకౌ టిన్ అంటారు. కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో ఎవరి ఇంటి కూర వాళ్ళది. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని ఒకరి కూర ఒకరు రుచి చూసుకునేవారు. తర్వాత రేవుల్లో, కట్టడాల దగ్గర పనిచేసేవాళ్ళకి బళ్ళ మీద అదే భోజనం అమ్మడం మొదలైంది. మీ డబ్బాలో జపాన్ కట్సు (పొడి అద్ది వేయించిన ముక్క), కొరియా కాల్బి (కాల్చిన పక్కటెముకలు), ఫిలిప్పీన్స్ అడోబో (వెనిగర్, సోయా సాస్‌లో ఉడికిన మాంసం) పక్కపక్కన ఉండటం అందువల్లే. మాకరోనీ ఇందులోకి ఎలా వచ్చిందన్నది మాత్రం ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు.

ఇక దాని పని. మాంసం చాలావరకు సోయా సాస్, పంచదార, అల్లం, వెల్లుల్లిలో ఊరినదే. ఉప్పూ తీపీ రెండూ ఎక్కువ. అన్నం ఆ ఉప్పుని పీల్చుకుంటుంది గానీ నోటికి చల్లదనం, పులుపు ఇవ్వలేదు. ఆ రెండూ సలాడ్ ఇస్తుంది. ఇక్కడివాళ్ళు మాకరోనీని ఇటాలియన్లు చూస్తే ఏడ్చేంత మెత్తగా ఉడికిస్తారు. వేడి మీదే వెనిగర్ చల్లి, చల్లారాక మయొనీజ్ కలుపుతారు. తురిమిన క్యారట్, కొంచెం ఉల్లిపాయ. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే మయొనీజ్ లోపలికి దిగుతుంది. పొద్దున్న చూస్తే పొడిగా అనిపిస్తుంది, మళ్ళీ ఇంకాస్త కలుపుతారు. కొందరు బంగాళాదుంప కూడా వేస్తారు. కట్సు ముక్క ఒకటి, అన్నం కాస్త, మాకరోనీ రెండు గొట్టాలు ఒకే ముద్దలో తినాలి. విడిగా నాకమన్నా నేనూ నాకను.

బెండకాయపులుసు

బాగా చెప్పారు కానీ ఒప్పుకోను. ఎండలో చెరుకు కొట్టినవాడికి ఆ కేలరీలు కావాలి. ఏసీలో కూర్చుని జూమ్ మీటింగులు చేసేవాడికి ఎందుకు? ఆఖరి చెరుకు తోట కూడా 2016లో మూతపడింది. హోనొలులులోనే ఇప్పుడు మాక్ సలాడ్ బదులు ఆకుకూరల సలాడ్, తెల్లన్నం బదులు బ్రౌన్ రైస్ అడిగితే ఇచ్చే కొట్లు బోలెడు. వాళ్ళే మార్చుకుంటుంటే శాన్ హోసేలో మనం సంప్రదాయం కాపాడాలా?

అసలు పకోడీ గారు ఆరోగ్యం పేరు చెప్పి ఇంకో స్కూప్ అన్నం అడగడమే నాకు అర్థం కావట్లేదు.

గట్టిపకోడీ

ఆరోగ్యం అని నేనెక్కడన్నాను? రుచి అన్నాను.

చింతచిగురు

ఇంతకీ ఇది హవాయి తిండేనా? ఆ దీవుల అసలు మనుషుల భోజనం చేమదుంప దంచి చేసే పోయి, చేమాకుల్లో చుట్టి ఉడికించే లావులావు, నేలలో గొయ్యి తీసి వేడి రాళ్ళ మధ్య మగ్గించే కలువా పంది. మీ డబ్బాలో చాలాసార్లు వాటిలో ఒక్కటీ ఉండదు. అలాంటప్పుడు మాకరోనీ కోసం ఈ కొట్లాటేంటి?

తోటకూరకాడ

చింతచిగురు గారూ, ఇక్కడ ఎవరూ దాన్ని ఆదివాసుల భోజనం అనరు, లోకల్ ఫుడ్ అంటారు. పోయి, లావులావు కావాలంటే వాటికి వేరే హోటళ్ళున్నాయి. "హవాయియన్ బార్బెక్యూ" బోర్డు మెయిన్‌లాండ్ (అమెరికా ప్రధాన భూభాగం) కోసం పెట్టుకున్నది. ఎల్ అండ్ ఎల్ అనే ప్లేట్ లంచ్ గొలుసు హోటళ్ళ వాళ్ళు హోనొలులు లిలిహా వీధిలోని చిన్న డ్రైవ్ ఇన్‌ని 1976లో కొన్నారు. 1999లో కాలిఫోర్నియాకి వచ్చినప్పుడు హవాయియన్ బార్బెక్యూ అన్న పేరుతో తెరిచారు. ప్లేట్ లంచ్ అంటే అక్కడ ఎవరికి తెలుసు? నిజానికి బార్బెక్యూ కూడా కాదు, చాలా చోట్ల పెనం మీద కాల్చేదే, పొగ వాసనే ఉండదు. లోకల్ ఫుడ్ అన్నాక అందులో మాక్ సలాడ్ వాటా కట్సు కంటే తక్కువేం కాదు.

సున్నిపిండి

మీరంతా మాంసం తినేవాళ్ళు కాబట్టి ఈ చర్చ. నేను శాకాహారిని. ఆఫీసు టీమ్ లంచ్‌కి అక్కడికే తీసుకెళ్తే నాకు మిగిలేది అన్నం, ఆ క్యాబేజీ. మాక్ సలాడ్ తిందామంటే మయొనీజ్‌లో గుడ్డు. గొడ్డుమాంసం తినని వాళ్ళు కూడా చూసుకోండి. అన్నం మీద మాంసపు ప్యాటీ, గుడ్డు పెట్టి ఇచ్చే లోకో మోకోలో ఆ ప్యాటీ గొడ్డుమాంసమే, పైన పోసే బ్రౌన్ గ్రేవీ కూడా మామూలుగా దానిదే. ముసుబి అనే అన్నం ముద్ద మీద ఉండే స్పామ్ (డబ్బా మాంసం) పంది. చికెన్ కట్సు, బార్బెక్యూ చికెన్ అయితే సేఫ్, అది కూడా గ్రేవీ వద్దని చెప్పి.

బెండకాయపులుసు

కొన్నిచోట్ల కట్సు వేయించే నూనెలోనే రొయ్యలూ వేయిస్తారు, పట్టింపు ఉన్నవాళ్ళు అడగండి.

నీలాటిరేవు

పకోడీ గారూ, ఒక పని చేయండి. మినీ ప్లేట్ తీసుకోండి, చాలా చోట్ల ఉంటుంది. అన్నం ఒక్క స్కూపే, సలాడ్ కాస్తే. కాడ గారు చెప్పినట్టు ఒక్కసారి కలిపి తినండి. నచ్చకపోతే వద్దనే హక్కు మీకెప్పుడూ ఉంది. కానీ మాంసం మరీ ఉప్పగా ఉందని ఆ కొట్టుకి రివ్యూలో స్టార్లు మాత్రం కొయ్యకండి.

గట్టిపకోడీ

ఉప్పగా ఉందనే కదండీ మూడో స్కూప్ అన్నం అడిగేది!

తోటకూరకాడ

ఆ పనికే సలాడ్ పెట్టారు నాయనా.

ఉలవచారు

పకోడీ, మూడో స్కూప్‌కి ఎక్స్‌ట్రా తీసుకుంటున్నారా? మా ఫ్రీమాంట్‌లో ఆ స్కూప్‌కి వేరే బిల్లు వేస్తున్నారు.

గట్టిపకోడీ

లేదు, ఫ్రీ. ఏ కొట్టో ఇక్కడ మాత్రం చెప్పను.