క్యాను నీళ్ల వల్ల ఏళ్ల మీద వచ్చిన జబ్బుకు ప్లాంటు యజమాని బాధ్యుడవుతాడా?

ప్రశ్న (మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా):
మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిసే చాలా ఏళ్లుగా ఇరవై లీటర్ల క్యాన్లు కొని తాగుతున్నాము. ఈ మధ్య మా నాన్నగారి నడుము బిగుసుకుపోయి వంగలేకపోతుంటే, ఎక్స్‌రే చూసిన డాక్టరు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకోవడం వల్ల వచ్చే జబ్బు) అన్నారు. ప్లాంటు యజమానిని అడిగితే టీడీఎస్ మీటరు నీళ్లలో ముంచి, అంకె చూపించి పంపించాడు. మెల్లమెల్లగా ఒంట్లో చేరిన దానికి అమ్మినవాడిని చట్టం పట్టుకుంటుందా?

సమాధానం 1 (న్యాయవాది, నల్లగొండ):
పట్టుకునే వీలు ఉంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 ప్రకారం ప్యాకేజ్డ్ తాగునీరు కూడా ఆహారమే. ఒక పదార్థం హానికరమా కాదా అని తేల్చేటప్పుడు వెంటనే కనిపించే ప్రభావాన్నే కాక, దీర్ఘకాలిక ప్రభావాన్ని, ఒంట్లో పేరుకునే విషప్రభావాన్ని, తరువాతి తరాలకు కలిగే హానిని కూడా చూడాలని 48వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. 65వ సెక్షను కింద తీవ్రమైన హానికి 3 లక్షల రూపాయల వరకు, మరణానికి 5 లక్షలకు తగ్గకుండా పరిహారం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. నీటిని శుద్ధి చేసి నింపేది ఆ యజమానే కనుక, తాను ఉత్త అమ్మకందారునని తప్పించుకోవడం అతనికి కష్టం.

సమాధానం 2 (నీటి పరీక్షల ల్యాబ్ ఉద్యోగి):
టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నింటి మొత్తాన్ని చూపిస్తుందే తప్ప, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మేలు, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. ఇంత చిన్న తేడా పదుల్లోనో వందల్లోనో ఉండే ఆ అంకెలో కనబడనే కనబడదు. ప్లాంటులో నీటిని వడకట్టే పొర (మెంబ్రేన్) పాతబడినా, రుచి కోసం శుద్ధి చేయని నీళ్లు కలిపినా ఫ్లోరైడ్ దాటి వస్తుంది. ఆ ఆహార చట్టం 40వ సెక్షను కింద కొనుగోలుదారు కూడా రుసుము కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు, అయితే పరీక్షకు పంపే ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి.

సమాధానం 3:
అసలు చిక్కు జబ్బుకు కారణం ఆ క్యాను నీళ్లేనని రుజువు చేయడంలో ఉంది. ఇప్పటి నమూనా ఇప్పటి నీటినే చూపిస్తుంది. పదేళ్ల కిందటి క్యానులో ఏముందో చెప్పదు. వంట ఏ నీళ్లతో చేశారు, నాన్నగారు చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగారు అని అవతలి వకీలు తప్పకుండా అడుగుతాడు.

అడిగినవారు:
మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా వచ్చేదాకా వంట బోరు నీళ్లతోనే చేశాము.

సమాధానం 1:
అలాగైతే పరిహారం పూర్తిగా రాబట్టడం కష్టం. అయినా ఆలస్యం చేయకండి. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు. అది జబ్బు తేలిన రోజు నుంచి మొదలైందని వాదించవచ్చు. ఆహార చట్టం కింద నేరంపై కేసు పెట్టడానికి గడువు 1 ఏడాది, ఆహార భద్రత కమిషనర్ కారణాలు రాసి 3 ఏళ్ల దాకా పొడిగించవచ్చు. ఇప్పుడు అమ్ముతున్న నీళ్ల మీద ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు మాత్రం నాన్నగారి కేసుతో నిమిత్తం లేకుండానే నిలుస్తుంది.