తానుమ్ బండల మీద ఉన్నవి 'శిలాచిత్రాలా'?

ప్రశ్న: స్వీడన్‌లోని తానుమ్ రాతి బొమ్మల గురించి పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. అక్కడివాళ్లు వీటిని 'హెల్‌రిస్ట్నింగ్' అంటారు. 'ఆదిమానవుల శిలాచిత్రాలు' అని పెట్టొచ్చా? ఫొటోల్లో బొమ్మలు ఎర్రరంగులో ఉన్నాయి, అందుకే చిత్రాలు అన్నాను.

జవాబు: ఆ ఎర్రరంగును నమ్మకండి. చూడటానికి వచ్చేవాళ్లకు బాగా కనబడాలని ఈ కాలంలో పూసింది అది. నార్వేలోని ఆల్తాలోనూ ఇలాంటి బండ బొమ్మలున్నాయి, అక్కడ ఇలా పూసిన రంగును తీసేస్తున్నారు కూడా. 'హెల్' అంటే పరుపుబండ. అక్కడి గ్రానైట్‌ను మంచుయుగంలో హిమానీనదాలు అరగదీసి నున్నగా చేశాయి. 'రిస్ట్నింగ్' అంటే గీయడం, చెక్కడం. కానీ అసలు పని గీయడం కాదు. గట్టి రాయితో దెబ్బ పక్కన దెబ్బ వేసి పైపొర రాల్చారు. దీనికి మనకు మంచి మాటే ఉంది, కక్కు. అరిగిన తిరగలికి కక్కు కొట్టిస్తారే, దాదాపు అదే పని.

మరొకరు: మాట బాగుందండీ, కానీ 'కక్కు బొమ్మలు' అని హెడ్డింగ్ పెడితే పిల్లలు వాంతి అనుకుని పడీపడీ నవ్వుతారు! మా వైపు రోలుకు గంట్లు పెట్టడం అంటారు. అది వాడితే?

జవాబు: నిజమే. హెడ్డింగ్‌లో 'బండ మీది బొమ్మలు' చాలు. లోపల ఎలా చేశారో చెప్పే వాక్యంలో గంట్లు అనండి, కక్కు అనండి, మీ ఇష్టం. అన్నట్టు, అలాంటి బండల మీదుండే చిన్న గుండ్రటి గుంటలను స్వీడన్ పల్లెల్లో 'వనదేవతల తిరగళ్లు' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవాళ్లు. జబ్బు నయం కావాలని వాటిలో వెన్న పూసేవాళ్లు.

నాకు అసలు అభ్యంతరం 'ఆదిమానవులు' మీద. ఆ మాట వినగానే గుహ, జంతుచర్మం గుర్తొస్తాయి. తానుమ్ బొమ్మలు కంచుయుగానివి, సుమారు క్రీ.పూ. 1700–500 మధ్యవి. వాళ్లు పొలం దున్నారు, ఎడ్లు కట్టిన నాగలి బొమ్మలు కూడా ఉన్నాయి. కంచుకు కావాల్సిన లోహం దూరదేశాల నుంచి తెప్పించుకున్నారు. గొడ్డళ్లెత్తిన యోధులున్నారు. తానుమ్‌లోనే లిట్స్‌లేబీ అనే చోట ఈటె పట్టిన మనిషి బొమ్మ రెండు మీటర్లు దాటింది. ఆల్తావాళ్ల సంగతి వేరు, అక్కడ వేటగాళ్లు, జాలరులు, రెయిన్‌డీర్లు, ఎలుగుబంట్లు. ఇద్దరినీ ఒకే మాటతో కట్టేస్తే పిల్లలకు తప్పు చెప్పినట్టే. 'కంచుయుగపు రైతులు' అని రాయండి.

ప్రశ్న: సరే మాస్టారూ, మార్చేస్తాను. ఇంకొక్కటి. ఆ బండల మీద ఎక్కడ చూసినా నీటి మీద వెళ్లేవాటి బొమ్మలే ఉన్నాయి, వాటిని ఓడలు అనాలా, పడవలు అనాలా?

జవాబు: పడవలే. ఓడ అంటే మనకు తెరచాప కనబడుతుంది, ఈ బొమ్మల్లో తెరచాప లేదు. పొడుగాటి అడుగు, పైన వరసగా నిలువు గీతలు, అవి మనుషులు. డెన్మార్క్‌లోని యోర్ట్‌స్ప్రింగ్‌లో బురదలో దొరికిన పడవ ఈ బొమ్మలకు దగ్గరగా ఉంటుంది. సుమారు క్రీ.పూ. 350 నాటిది, దాదాపు 20 మంది తెడ్లతో నడిపేది. ఇంకో మాట, ఇప్పుడు ఆ బండల చుట్టూ పొలాలున్నాయని 'ఊరి మధ్య పడవ బొమ్మలేంటో' అని వింతగా రాయకండి. అప్పుడు సముద్రం ఇంకా లోపలికి ఉండేది. తర్వాత నేల పైకి లేచింది.