‘ఐ హ్యాడ్ మచ్ మనీ’ అని ఇంగ్లీషువాళ్లు ఎందుకు అనరు?

గోదారిగట్టు:
బళ్లో మనకు చెప్పింది ఒక్కటే, లెక్కపెట్టగలిగేవాటికి మెనీ, లెక్కపెట్టలేనివాటికి మచ్. ఆ లెక్కన ‘ఐ హ్యాడ్ మచ్ మనీ’, ‘హీ హ్యాడ్ మచ్ ల్యాండ్’ రెండూ మంచి వాక్యాలే కావాలి. ఈమధ్య ఇంగ్లండ్, అమెరికాల్లో పెద్ద వయసువాళ్లు తమ చిన్నప్పటి సంగతులు చెప్పే ఇంటర్వ్యూలు తెగ వింటున్నాను, అలాంటి వాక్యం ఒక్కరి నోటా రాలేదు. డబ్బు ఉండేదని చెప్పాలంటే ‘వీ హ్యాడ్ ఎ లాట్ ఆఫ్ మనీ’ అంటారు, ఉండేది కాదని చెప్పాలంటే మాత్రం ‘వీ డిడ్‌న్ట్ హ్యావ్ మచ్ మనీ’ అని అదే మచ్‌ని ఠక్కున తెచ్చేస్తారు. ఉన్నప్పుడు పనికిరాని మాట లేనప్పుడు ఎలా పనికొస్తోంది? అలాగే ‘హ్యాడ్ ఫ్యూ ఫ్రెండ్స్’కీ ‘హ్యాడ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్’కీ నిజంగా అంత తేడా ఉందా? మా తమ్ముడు ఐఈఎల్‌టీఎస్‌కి చదువుతున్నాడు, వాడికి బట్టీ పట్టించడం కాకుండా కారణం చెప్పాలని ఉంది.

పలకాబలపం:
మీరు విన్నది కరెక్టేనండి. స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. మచ్‌కి ‘లెక్కపెట్టలేనిది’ అనే షరతు ఒక్కటే కాదు, ఇంకోటి కూడా ఉంది, దాన్ని పుస్తకాలు చివర్లో ఎక్కడో చిన్నగా చెప్పి వదిలేస్తాయి: మామూలు మాటల్లో అది ‘లేదు’ అనే వాక్యంలోనో ప్రశ్నలోనో ఉంటేనే సహజంగా వినిపిస్తుంది.

ఇది మనకు కొత్త కాదు. తెలుగులో ‘పెద్దగా’ తీసుకోండి. ‘అప్పట్లో మా దగ్గర పెద్దగా డబ్బు ఉండేది కాదు’ అంటాం, ‘పెద్దగా పొలం లేదు’ అంటాం. కానీ ‘మా దగ్గర పెద్దగా డబ్బు ఉండేది’ అని ఎవరైనా అంటారా? అక్కడికి వచ్చేసరికి ‘చాలా’, ‘బోలెడు’ దిగుతాయి. మచ్ మన ‘పెద్దగా’ లాంటిది, ఎ లాట్ ఆఫ్ మన ‘చాలా’ లాంటిది. డబ్బుకైనా మనుషులకైనా ‘చాలా’ ఎలా సరిపోతుందో ఎ లాట్ ఆఫ్ కూడా అలాగే సరిపోతుంది, ‘హ్యాడ్ ఎ లాట్ ఆఫ్ మనీ’, ‘హ్యాడ్ ఎ లాట్ ఆఫ్ ఫ్రెండ్స్’.

అయితే ముందు సో, టూ, యాజ్ లాంటివి చేరితే ఈ పట్టింపు పోతుంది. ‘షీ హ్యాడ్ సో మచ్ వర్క్’, ‘వీ హ్యాడ్ టూ మచ్ లగేజ్’ రోజూ వినేవే. ‘మచ్ ఆఫ్’ కూడా ఉన్నదని చెప్పే వాక్యంలో హాయిగా ఉంటుంది: ‘హిజ్ ఫ్యామిలీ ఓన్డ్ మచ్ ఆఫ్ ద ల్యాండ్’, అంటే అక్కడి భూమిలో ఎక్కువ భాగం వాళ్లదే.

తాళపత్రం:
పలకాబలపం గారు ‘పెద్దగా’తో పోల్చడం నాకు భలే నచ్చింది, ఎందుకంటే మచ్‌కి ఒకప్పుడు ‘పెద్ద’ అనే అర్థమే ఉండేది. ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ అనే జిల్లాలో మచ్ వెన్‌లాక్, లిటిల్ వెన్‌లాక్ అని రెండు ఊళ్లున్నాయి, విశాఖలో పెదవాల్తేరు, చినవాల్తేరు ఉన్నట్టే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో మార్కు సువార్త 5వ అధ్యాయం చూస్తే యేసు వెనక ‘మచ్ పీపుల్’ నడిచారని ఉంటుంది. ఇప్పుడు ఆ మాట పరీక్షలో రాస్తే ఎర్ర సిరా పడుతుంది, అప్పట్లో మాత్రం అది శుభ్రమైన ఇంగ్లీషు.

అందుకే ‘హ్యాడ్ మచ్’ని తప్పు అనకండి. పాత వాడుక రాతలో ఇంకా బతికే ఉంది, ముఖ్యంగా చేతికి చిక్కని విషయాలతో: ‘దే హ్యాడ్ మచ్ డిఫికల్టీ’, ‘హీ హ్యాడ్ మచ్ ఇన్‌ఫ్లుయెన్స్’. డబ్బు, పాలు, బియ్యం లాంటి వాటి దగ్గరే అది మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇక మెనీకి ఇంత కట్టడి లేదు, ‘షీ హ్యాడ్ మెనీ ఫ్రెండ్స్’ కాస్త పుస్తకాల భాషలా ఉంటుందేమో గానీ ఎవరూ వంక పెట్టరు.

లీడ్స్‌నర్సు:
ఇక్కడ వార్డులో రోజంతా వినేది చెబుతాను. రాత్రి నొప్పి గురించి అడిగేటప్పుడు ‘డిడ్ యు హ్యావ్ మచ్ పెయిన్?’ అంటే ఏ అంచనా లేకుండా అడిగినట్టు. ‘డిడ్ యు హ్యావ్ ఎ లాట్ ఆఫ్ పెయిన్?’ అంటే ఎక్కువే ఉండి ఉంటుందని అనుకుంటూ అడిగినట్టు, అవతలివాళ్ల మొహం చూసి అనే మాట అది. రెండూ కరెక్టే, కానీ ఒకటి కాదు.

ఫ్యూ సంగతికొస్తే, తేడా నిజంగానే ఉందండి. ‘షీ హ్యాడ్ ఎ ఫ్యూ విజిటర్స్’ అంటే కొందరు వచ్చారు, బాగుంది అన్నట్టు. ‘షీ హ్యాడ్ ఫ్యూ విజిటర్స్’ అంటే చూడ్డానికి వచ్చినవాళ్లు తక్కువ, పాపం అనే ధ్వని ఉంటుంది. సంఖ్య రెండింట్లోనూ ఒకటే కావచ్చు, చెప్పేవాళ్ల మనసు వేరు. అయితే ఈ రెండోది ఇక్కడ నోటితో అనడం అరుదు, ‘షీ డిడ్‌న్ట్ హ్యావ్ మెనీ విజిటర్స్’ అనో ‘హార్డ్లీ ఎనీ’ అనో అంటారు. లిటిల్, ఎ లిటిల్ కూడా అంతే.

ఇంకోటి, ముసలివాళ్లు కొందరు ‘వీ హ్యాడ్‌న్ట్ ఎనీ మనీ’ అంటారు, డిడ్ లేకుండా. పాత బ్రిటిష్ పద్ధతి. మన పిల్లలు పాడే నల్లగొర్రె పాటలో ‘హ్యావ్ యు ఎనీ ఉల్’ అని ఉంటుంది చూడండి, అదే కట్టు. ఇప్పటివాళ్లు ‘డు యు హ్యావ్’, ‘హ్యావ్ యు గాట్’ అంటారు. ‘ఐ హ్యావ్ గాట్ ఎ కార్’ అంటారు కదా అని గతానికి ‘ఐ హ్యాడ్ గాట్ ఎ కార్’ అని మార్చకండి, దానికి ఉత్త ‘ఐ హ్యాడ్ ఎ కార్’ చాలు.

గోదారిగట్టు:
అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. చివరగా ఒక్కటి. మావాడు ‘హౌ మచ్ ల్యాండ్ యువర్ గ్రాండ్‌ఫాదర్ హ్యాడ్?’ అంటాడు, ‘వీ వర్ హ్యావింగ్ మెనీ ఫర్నిచర్స్’ అంటాడు. వినగానే తేడాగా ఉంది, ఎక్కడ దిద్దాలో చెప్పలేకపోతున్నాను.

పలకాబలపం:
మొదటిదాన్ని తెలుగు వరసలోనే పేర్చేశాడు. మనకు ‘మీ తాతగారికి ఎంత పొలం ఉండేది?’ అంటే ప్రశ్న అయిపోతుంది, క్రియ కదలక్కర్లేదు. అక్కడ డిడ్ ముందుకు రావాలి, అది వచ్చాక హ్యాడ్ మళ్లీ హ్యావ్ అయిపోవాలి: ‘హౌ మచ్ ల్యాండ్ డిడ్ యువర్ గ్రాండ్‌ఫాదర్ హ్యావ్?’ ‘డిడ్‌న్ట్ హ్యాడ్’ అనే మాట నోట్లోంచి పోయేదాకా దీన్ని గట్టిగా పలికిస్తూనే ఉండండి, ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

రెండోదాంట్లో రెండున్నాయి. సొంతంగా ఉండటం అనే అర్థంలో హ్యావ్‌కి ఐఎన్‌జీ చేర్చరు, ‘వీ హ్యాడ్’ అంటే సరిపోతుంది, ‘అప్పట్లో ఉండేది, ఇప్పుడు లేదు’ అనాలంటే ‘వీ యూజ్డ్ టు హ్యావ్’. ఫర్నిచర్, లగేజ్, అడ్వైస్, ఇన్ఫర్మేషన్ లాంటి వాటికి బహువచనం లేదు కాబట్టి మెనీ కుదరదు, మచ్ అంటే పైన చెప్పిన చిక్కు, కాబట్టి ‘వీ హ్యాడ్ ఎ లాట్ ఆఫ్ ఫర్నిచర్’. వ్యాసం రాసేటప్పుడు ఎ లాట్ ఆఫ్ మరీ మాటల భాషలా అనిపిస్తే ఇలాంటి వాటికి ‘ఎ గ్రేట్ డీల్ ఆఫ్’, మనుషులకూ వస్తువులకూ ‘ఎ లార్జ్ నంబర్ ఆఫ్’ రాయమనండి.