బాక్సింగ్‌లో సౌత్‌పా (కుడి కాలు ముందు పెట్టి ఆడే బాక్సర్) ఎదురైతే వెనక కాలు ముందు కాలికి దగ్గరగా వచ్చేస్తోంది, ఏ డ్రిల్ చేయాలి?

హనుమకొండలో సాయంత్రం పూట బాక్సింగ్ ప్రాక్టీస్ చేస్తున్నాను. ఆర్థడాక్స్ స్టాన్స్, ఎడమ కాలు ముందు. షాడో బాక్సింగ్‌లోనూ (ఎదుట ఎవరూ లేకుండా గాలిలో పంచ్‌లు విసరడం), బ్యాగ్ మీదా కాళ్లు బాగానే కదులుతాయి. ఎడమకు వెళ్లాలంటే ముందు ఎడమ పాదం, కుడికైతే ముందు కుడి పాదం, మధ్యలో భుజాలంత ఎడం. సమస్యంతా స్పారింగ్‌లోనే (ఎదుట మనిషితో చేసే ప్రాక్టీస్ బౌట్), అదీ సౌత్‌పా ఎదురైనప్పుడే.

అతని కుడి పాదానికి బయటి వైపు నా ఎడమ పాదం పడాలి. పడుతోంది కూడా. కానీ వెనక కాలు ఆలస్యంగా వచ్చి, ముందు కాలికి దాదాపు ఆనుకుని ఆగుతోంది. ఆ క్షణంలో చిన్న జాబ్ (ముందు చేతి పంచ్) తగిలినా తూలిపోతాను, క్రాస్ (వెనక చేతి పంచ్) కొడదామంటే నడుము తిరగదు. 3 నిమిషాల రౌండ్‌లో మొదటి నిమిషం బాగానే ఉంటుంది. ఆ తర్వాతే మొదలు, అప్పటికి కుడి మడమ నేలకు ఆనిపోయి ఉంటుంది. పిక్కలు పట్టేయడం లేదు, ఆయాసం లేదు. అందుకే ఇది స్టామినా సంగతి కాదనుకుంటున్నాను.

స్కిప్పింగ్, లాడర్ (నేల మీద పరిచిన నిచ్చెన గళ్లలో అడుగులు వేయడం), నేల మీద టేప్ అంటించి అడుగులు వేయడం, అన్నీ చేశాను. చీలమండలకు రబ్బరు బ్యాండ్ వేసుకుంటే దూరం నిలుస్తుంది. అది తీసేసి, ఎదుట మనిషి నిలబడగానే మళ్లీ అదే. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ బౌట్లు కూడా స్లో మోషన్‌లో పెట్టుకుని పాదాలే చూస్తున్నాను.

సౌత్‌పా మీద ఎడమకు అడుగేశాక వెనక కాలు వెంటనే సరైన దూరంలో పడేలా, పార్ట్‌నర్‌తో చేసే ఏ డ్రిల్ మీకు పనిచేసింది?