డార్విన్‌ను తీసుకెళ్లిన కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ ఇంకేం చేశాడు?

ప్రశ్న

పరిణామ సిద్ధాంతం గురించి ఎక్కడ చదివినా డార్విన్ బీగిల్ ఓడ ఎక్కాడని ఉంటుంది. ఆ ఓడ నడిపిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్‌కి మాత్రం ఒక్క వాక్యమే: ముక్కోపి, ఛాందసుడు, చివరికి ప్రాణం తీసుకున్నాడు. ఆయన నౌకాదళ జీవితమంతా ఇంతేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1

ఇంతే అయితే నేను జవాబు రాసేవాణ్ణి కాదు. ఓడరేవులో సిగ్నల్ స్తంభం దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వాయుగుండం కబురు రాగానే పగలైతే శంకువు, డ్రమ్ము ఆకారపు గుర్తులు, రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలు పైకి లాగడం మా పని. ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు’ అని మీరు పత్రికల్లో చదివేది దాని గురించే. ఫిట్జ్‌రాయ్ పేరు వింటే నాకు ఆ శంకువే గుర్తొస్తుంది.

పుట్టింది 1805లో. డ్యూక్ మనవడు. పన్నెండేళ్లకే పోర్ట్స్‌మత్ నౌకా కళాశాలలో చేరి, లెఫ్టినెంట్ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నాడు. 1828లో బీగిల్ కెప్టెన్ స్టోక్స్ దక్షిణ అమెరికా కొసన చలికి, ఏకాంతానికి కుంగిపోయి ప్రాణం తీసుకుంటే, ఇరవై మూడేళ్ల ఈ కుర్రవాడికి ఓడ అప్పగించారు.

కొన్ని నెలలకే, 1829 జనవరిలో, దక్షిణ అమెరికా తీరంలోని మాల్డొనాడో దగ్గర, పాంపెరో అనే అక్కడి ఈదురుగాలి విరుచుకుపడింది. ఓడ స్తంభాల పై కొయ్యలు విరిగాయి. ఇద్దరు నావికులు సముద్రంలో కలిసిపోయారు. అంతకు ముందే గాలి పీడనం కొలిచే బారోమీటర్‌లో పాదరసం దిగి తుఫాను వస్తోందని చెప్పింది, కొత్త కెప్టెన్ లెక్కచేయలేదు. తరువాతి జీవితమంతా ఆయన ఆ గాజు గొట్టాన్ని వదలకపోవడానికి కారణం ఆ ఇద్దరేనని నా నమ్మకం.

డార్విన్‌తో చేసిన 1831–36 యాత్ర అందరికీ తెలిసిందే. అసలు పని తీరాల సర్వే. రేఖాంశాలు తేల్చడానికి ఓడలో 22 క్రోనోమీటర్లు, అంటే సముద్రం మీద కచ్చితంగా నడిచే గడియారాలు, ఉండేవి.

1854లో ప్రభుత్వం ఆయనకు ముగ్గురు ఉద్యోగులతో చిన్న కార్యాలయం ఇచ్చింది. ఈనాటి బ్రిటిష్ వాతావరణ శాఖ, మెట్ ఆఫీస్, మొదలు అదే. ఓడల నుంచి గాలి వివరాలు సేకరించి పట్టికలు వేయమన్నారు, అంతే. రేపటి వాతావరణం చెప్పమని ఎవరూ అడగలేదు. 1859 అక్టోబరులో ఆస్ట్రేలియా నుంచి వస్తున్న రాయల్ చార్టర్ ఓడ, రేపో మాపో లివర్‌పూల్ చేరుతుందనగా తుఫానులో వేల్స్ తీరపు ఆంగ్లెసీ దీవి రాళ్లకు కొట్టుకుంది. నాలుగు వందల మందికి పైగా పోయారు. ఇక ఈయన ఊరుకోలేదు. తీరంలోని కేంద్రాల నుంచి పొద్దున్నే టెలిగ్రాఫ్‌లో పీడనం, గాలి వివరాలు తెప్పించుకుని, 1861 ఫిబ్రవరి నుంచి రేవులకు హెచ్చరికలు పంపాడు. శంకువు మొన పైకి ఉంటే ఉత్తరపు ఈదురుగాలి, కిందికి ఉంటే దక్షిణపుది. డ్రమ్ము కడితే గాలి దిక్కు మార్చుకుంటూ కొడుతుందని. చదువురాని బెస్తవాడికి కూడా గట్టు మీద నుంచే అర్థమవుతుంది! అదే ఏడాది ఆగస్టు 1న టైమ్స్ పత్రికలో తొలి వాతావరణ సూచన వచ్చింది.

సూచన తప్పినప్పుడల్లా ఎగతాళి చేశారు. సొంత ఆస్తి కరిగిపోయింది, ఆరోగ్యం చెడింది, 1865 ఏప్రిల్ 30న చనిపోయాడు. మరుసటి ఏడాది శాస్త్రవేత్త గాల్టన్ కమిటీ ఈ సూచనలకు శాస్త్రీయత లేదని తేల్చి ఆపించింది. రేవుల నుంచి గోల మొదలయ్యేసరికి 1867లో తుఫాను హెచ్చరికలు తిరిగి పెట్టక తప్పలేదు.

జవాబు 2

మీ అభిమానం అర్థమైంది గానీ, ఆయన చరిత్రలో ఇంకో పుట ఉంది. 1830లో దక్షిణ అమెరికా కొసనున్న టియెర్రా డెల్ ఫ్యూగో దీవుల్లో పడవ దొంగిలించారని అక్కడి వాళ్లను పట్టుకుని, చివరికి నలుగురిని ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. వారిలో ఒక పిల్లవాడికి ‘ఇచ్చిన ధర’ ముత్యపు చిప్ప గుండీ, అందుకే వాడి పేరు జెమ్మీ బటన్. ఇంకొకరు మశూచితో పోయారు. దీన్ని ఏమనాలి?

జవాబు 1 నుంచి

మనుషుల్ని ఎత్తుకుపోవడమే అనాలి బాబూ, వేరే పేరు లేదు. చదువు చెప్పించి, మిగిలిన ముగ్గురినీ రెండో యాత్రలో వెనక్కి దించాడు కానీ, దానితో చెల్లుకు చెల్లు కాదు. న్యూజిలాండ్ గవర్నర్‌గా మాత్రం ఒక మంచి మాట చెప్పాలి. 1843లో భూమి కోసం అక్కడి మావోరీలకు, వలస వచ్చిన తెల్లవాళ్లకు జరిగిన వైరౌ ఘర్షణలో 22 మంది తెల్లవాళ్లు చనిపోయినా, తప్పు వలసదారులదేనని తీర్పు చెప్పాడు. వాళ్లు పగబట్టారు. ఖజానా కూడా ఖాళీ. 1845లో పదవి పోయింది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. మరి మన దగ్గర ఈ హెచ్చరికలు ఎప్పుడు వచ్చాయి?

జవాబు 1 నుంచి

1864లో రెండు తుఫానులు వరసగా కొట్టాయి. అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1న మన మచిలీపట్నం. బందరులో పోయినవారే సుమారు 30,000. మరుసటి ఏడాదే కలకత్తా రేవుకు హెచ్చరికల ఏర్పాటు చేశారు. భారత వాతావరణ శాఖ 1875లో పుట్టింది. ఇప్పుడు మన రేవుల్లో ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లున్నాయి. ఒకటి, రెండు దూర సముద్రంలోని తుఫానుకు, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదానికి. పదకొండు అన్నిటికన్నా భయంకరమని చాలామంది అనుకుంటారు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని మాత్రమే దాని అర్థం.